ఒకే భాగానికి ఇన్ని పరీక్షలు ఎందుకు? అతివాహక యాక్సిలరేటర్ల క్రయోజెనిక్ తనిఖీ వెనుక లెక్కలు

క్లుప్తంగా: కణ యాక్సిలరేటర్లలో వాడే నయోబియం క్యావిటీలను (రేడియో తరంగాలతో కణాలకు శక్తినిచ్చే బోలు లోహపాత్రలను), అతివాహక అయస్కాంతాలను సొరంగంలో బిగించే ముందు ద్రవ హీలియం ఉష్ణోగ్రతకు చల్లబరిచి పరీక్షిస్తారు. విడిగా ఉన్నప్పుడు ఒకసారి, మాడ్యూల్‌లో, అంటే కొన్ని క్యావిటీలను కలిపి పెట్టే పొడవాటి చల్లని పెట్టెలో, అమర్చాక ఇంకోసారి, కొన్నిచోట్ల మధ్యలో మరోసారి చల్లబరచడం బయటివారికి దుబారాగా కనిపిస్తుంది. ఒక్కో పరీక్ష కొన్ని ప్రశ్నలకే జవాబు ఇవ్వగలదు. ఆ పరీక్షలో లేని అతుకు గురించి, కవాటం గురించి, చల్లబడే తీరు గురించి అది ఏమీ చెప్పదు. ఈ పరికరాల డిజైన్‌ను, ఖర్చును, పరీక్షల సంఖ్యను నడిపించేది ఈ పరిమితే.

ఎంత కొంచెం వేడి, ఎంత ఖర్చు

నయోబియం లోహం సుమారు 9.2 కెల్విన్ల (మైనస్ 264 డిగ్రీల సెల్సియస్) దగ్గర అతివాహకంగా మారుతుంది. అప్పుడు డీసీ కరెంటుకు దాని నిరోధం సున్నా. అయితే క్యావిటీలో ఉండేది డీసీ కాదు, రేడియో తరంగం. జర్మనీలోని యూరోపియన్ ఎక్స్‌ఫెల్ అనే ఎక్స్-కిరణాల లేజర్‌లో వాడిన తొమ్మిది గదుల క్యావిటీలో విద్యుత్ క్షేత్రం సెకనుకు 130 కోట్ల సార్లు ఊగుతుంది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి కానీ, సున్నా కెల్విన్లకు పైన కొన్ని జంటలు ఎప్పుడూ విడిపోయే ఉంటాయి. మారుతున్న క్షేత్రం ఈ ఒంటరి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. అందులోంచి కాస్త వేడి పుడుతుంది.

ఈ నిరోధం పౌనఃపున్యం రెట్టింపైతే దాదాపు నాలుగింతలవుతుంది. ఉష్ణోగ్రత తగ్గించే కొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. అందుకే తక్కువ పౌనఃపున్యంలో నడిచే క్యావిటీలకు మామూలు ద్రవ హీలియం, అంటే 4.2 కెల్విన్లు సరిపోతాయి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో 97 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే నయోబియం రెజొనేటర్లు ఈ కోవవే. 1.3 గిగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి 2 కెల్విన్ల దాకా దిగక తప్పదు.

క్యావిటీ నాణ్యతను క్యూ అనే ఒక్క అంకెతో చెబుతారు. లోపల నిల్వ ఉన్న శక్తిలో ఒక్కో ఊపుకు ఎంత పోతోందన్నదాన్ని బట్టి ఈ అంకె వస్తుంది. నష్టం ఎంత తక్కువైతే క్యూ అంత ఎక్కువ. రాగి క్యావిటీల్లో ఇది పదుల వేలల్లో ఉంటుంది. నయోబియంలో వెయ్యి కోట్లు దాటుతుంది. అమెరికాలో స్లాక్ ప్రయోగశాల నిర్మించిన ఎల్‌సీఎల్‌ఎస్-2 లేజర్ కోసం పెట్టుకున్న లక్ష్యం 2,700 కోట్లు. సెకనుకు 500 సార్లు కంపించే గంటకు అంత క్యూ ఉందనుకుంటే, ఒక్క దెబ్బ కొట్టాక దాని శక్తి మూడో వంతు దరిదాపుకు తగ్గడానికి సుమారు వంద రోజులు పడుతుంది.

ఈ అంకెలు కరెంటు బిల్లు దాకా వెళ్తాయి. కణాలను నెట్టే విద్యుత్ క్షేత్రం మీటరుకు 16 మెగావోల్టులుగా ఉంచి, 2,700 కోట్ల క్యూతో నిరంతరం నడిచే ఒక క్యావిటీ దాదాపు 10 వాట్ల వేడి ఇస్తుంది. ఎల్‌సీఎల్‌ఎస్-2లో ఇలాంటివి 280 ఉన్నాయి కాబట్టి మొత్తం 2.8 కిలోవాట్లు. క్యూ వెయ్యి కోట్ల దగ్గరే ఆగిపోతే ఒక్కోదానికి 27 వాట్ల చొప్పున ఏడున్నర కిలోవాట్లు అవుతుంది. మామూలు వేడి లెక్కలో ఇది నాలుగైదు గీజర్లకు మించదు. 2 కెల్విన్ల దగ్గర మాత్రం ఒక్క వాటు వేడిని బయటికి తోడాలంటే ప్లాంటుకు సుమారు 700 నుంచి 1,000 వాట్ల కరెంటు కావాలి. అక్కడ 2 కెల్విన్ల దగ్గర తలా 4 కిలోవాట్లు తోడగల ప్లాంట్లు రెండు కట్టారు. క్యూ పడిపోతే ఆ రెండూ దాదాపు క్యావిటీలకే సరిపోయి, మిగతా వేడికి చోటుండదు. ఎక్స్‌ఫెల్ విడివిడి పల్సుల్లో నడుస్తుంది కాబట్టి అక్కడ ఈ ఒత్తిడి అంత లేదు. పరీక్షలో ఒక క్యావిటీ పాసైందని ఎప్పుడు అనాలో కూడా అందుకే ఒక్కో యంత్రానికి ఒక్కోలా ఉంటుంది.

గొయ్యిలో ఉండే ఫ్లాస్కు

మొదటి పరీక్షను వర్టికల్ టెస్ట్ అంటారు. నేలలోకి దింపిన కాంక్రీటు గొయ్యిలో పెద్ద ఫ్లాస్కులాంటి క్రయోస్టాట్ ఉంటుంది. పై మూతకు వేలాడే చట్రానికి క్యావిటీని నిలువుగా తగిలించి, క్రేన్‌తో లోపలికి దింపుతారు. హాంబర్గ్‌లోని డెజీ ప్రయోగశాల ఎక్స్‌ఫెల్ కోసం కట్టిన పరీక్షా కేంద్రంలో ఇలాంటి క్రయోస్టాట్లు రెండున్నాయి. ఒక్కో చట్రానికి నాలుగు క్యావిటీలు పడతాయి. 800కు పైగా క్యావిటీలను అక్కడే పరీక్షించారు. విడివిడిగా చల్లబరచి ఉంటే ఆ పని ఏళ్లకేళ్లు సాగేది.

ఫ్లాస్కు అన్న పోలిక సరైనదే కానీ, ఇక్కడ లెక్క మరీ కఠినం. నీటిని ఆవిరి చేయడానికి లీటరుకు సుమారు 2,250 కిలోజౌళ్లు కావాలి. ద్రవ హీలియానికి 2.6 కిలోజౌళ్లు చాలు. ఒక్క వాటు వేడి లోపలికి జారితే గంటకు దాదాపు 1.4 లీటర్ల హీలియం ఆవిరైపోతుంది. కాబట్టి క్రయోస్టాట్ డిజైన్ అంటే వేడి వచ్చే దారులను ఒక్కొక్కటిగా మూయడమే. రెండు గోడల మధ్య వాక్యూమ్ ఉంచి గాలి దారిని మూస్తారు. వికిరణం సంగతి వేరు, అది వాక్యూమ్‌లోంచి కూడా వస్తుంది. 300 కెల్విన్ల గోడ వెదజల్లే వికిరణం, అలాంటిదే 77 కెల్విన్ల గోడ వెదజల్లేదానికి 230 రెట్లు. మధ్యలో ద్రవ నైట్రోజన్‌తోనో చల్లని హీలియం వాయువుతోనో చల్లబరిచిన కవచం పెట్టేది ఇందుకే. దాని చుట్టూ అల్యూమినియం పూసిన పలుచటి రేకులను పొరలు పొరలుగా చుడతారు. ఇక మిగిలేది పై నుంచి దిగే కేబుళ్లు, ఊచలు, గొట్టాలు. వాటిని సన్నగా, పొడుగ్గా, వేడిని సరిగా మోయని లోహాలతో చేస్తారు.

4.2 కెల్విన్ల నుంచి 2 కెల్విన్లకు దిగడానికి పంపులతో హీలియం పైనున్న ఒత్తిడిని తగ్గిస్తారు. ఒత్తిడి 31 మిల్లీబార్ల దగ్గరికి, అంటే వాతావరణ పీడనంలో సుమారు మూడు శాతానికి వస్తే, ద్రవం 2 కెల్విన్లకు చేరుతుంది. ఇలా పీల్చేటప్పుడే తొట్టెలోని ద్రవంలో మూడో వంతుకు పైగా ఆవిరవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి గొట్టంలో ఎక్కడైనా చిల్లు ఉంటే హీలియం బయటికి రాదు, బయటి గాలే లోపలికి దూరి గడ్డకట్టి కవాటాలను బిగించేస్తుంది. ఇలాంటి లీకును పట్టుకోవడం చాలా విసిగించే పని.

2.17 కెల్విన్ల దగ్గర హీలియం తీరు మారిపోతుంది. ఆ కిందికి దిగిన ద్రవం సూపర్‌ఫ్లూయిడ్. బుడగలు ఆగిపోతాయి. వేడి ఒకచోట పేరుకోకుండా ద్రవం అంతటా వేగంగా సర్దుకుంటుంది. పరీక్షకు ఇది వరం. బుడగల కుదుపు లేకపోవడంతో క్యావిటీ పౌనఃపున్యం నిలకడగా ఉంటుంది. దీని మరో ముఖం సూపర్ లీక్. గది ఉష్ణోగ్రతలో ఎంత వెతికినా దొరకని సన్నని చిల్లులోంచి కూడా సూపర్‌ఫ్లూయిడ్ జారిపోగలదు. అలాంటి వెల్డింగ్ లోపం చల్లబరిచాకే బయటపడుతుంది.

ద్రవ హీలియం లీటరు గది ఉష్ణోగ్రతకు వస్తే దాదాపు 750 లీటర్ల వాయువు అవుతుంది. అందుకే సేఫ్టీ వాల్వులు, పగిలిపోయే డిస్కులు, హాల్లో ఆక్సిజన్ తగ్గితే మోగే అలారాలు తప్పనిసరి. ఆవిరైన హీలియాన్ని గాలిలోకి వదలకుండా మళ్లీ పట్టి ద్రవంగా మారుస్తారు. సహజవాయువుతో పాటు భూమిలోంచి వచ్చే ఈ వాయువు ఒకసారి గాలిలో కలిస్తే మళ్లీ దొరకదు.

కొలవడానికి రెండు దారులు

వర్టికల్ టెస్టులో క్యూను రేడియో పద్ధతిలోనే కొలుస్తారు. క్యావిటీలోకి శక్తిని పంపే యాంటెన్నాను, గోడల్లో పోయే శక్తికి సుమారు సరిపోయేలా అమరుస్తారు. పంపిన శక్తిలోంచి వెనక్కి వచ్చినదాన్ని తీసేస్తే గోడలు తిన్నది తెలుస్తుంది. తర్వాత సరఫరా ఆపేసి లోపలి క్షేత్రం ఎంతసేపట్లో ఆరిపోతుందో చూస్తారు. 2,700 కోట్ల క్యూ ఉన్న క్యావిటీ ఒక్కదానికే అయితే ఈ సమయం మూడు సెకన్లకు పైనే. చిక్కల్లా, అంత క్యూ ఉన్న వస్తువు 130 కోట్ల హెర్ట్జ్‌లలో ఒక్క హెర్ట్జ్‌లో చిన్న భాగమంత తేడా వచ్చినా స్పందించదు. పంపు కాస్త అదిరినా, హీలియం ఒత్తిడి కొంచెం మారినా దాని పౌనఃపున్యం జరిగిపోతుంది. అందుకని జనరేటరే క్యావిటీని వెంటాడేలా ఫేజ్-లాక్ లూప్ పెడతారు.

మాడ్యూల్‌లో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ ఉండేది కణపుంజానికి శక్తి అందించడానికి చేసిన అసలు కప్లర్. దాని ద్వారా బయటికి పోయే శక్తితో పోలిస్తే గోడల్లో పోయేది వందల వంతుల్లో ఒకటి. పెద్ద అంకెలోంచి ఇంకో పెద్ద అంకెను తీసేసి ఆ చిన్న తేడాను నమ్మలేం. కాబట్టి వేడినే నేరుగా కొలుస్తారు. క్యావిటీని నడిపినప్పుడు ఎంత హీలియం ఆవిరైందో చూస్తారు. తర్వాత దాన్ని ఆపేసి, లోపలి చిన్న హీటరుతో తెలిసిన వాట్లు ఇచ్చి అంతే ఆవిరి వచ్చేదాకా సరిపోల్చుతారు. ఏమీ నడపకపోయినా గొట్టాల గుండా వచ్చే వేడిని ముందే కొలిచి తీసేస్తారు. ఇక్కడ క్రయోజెనిక్ వ్యవస్థ చలిని ఇవ్వడంతో ఆగదు, తక్కెడగా కూడా పనిచేయాలి. ప్రవాహం నిలకడగా లేని ప్లాంటుతో పది వాట్లను నమ్మకంగా తూచలేం.

వర్టికల్ టెస్టుకు మరో అనుకూలత, క్యావిటీ ఒళ్లంతా అందుబాటులో ఉండటం. క్షేత్రం పెంచుకుంటూ పోతే ఒకచోట అతివాహకత చెదిరి ఆ చుట్టుపక్కల భాగం మామూలు లోహంగా మారుతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. ఆ చోటు ఎక్కడో తెలియాలంటే ఉపరితలం నిండా చిన్న థర్మామీటర్లు అంటించాలి. ఇంకో ఉపాయం సూపర్‌ఫ్లూయిడ్‌లోనే ఉంది. అందులో వేడి ఒక తరంగంలా, సెకనుకు 20 మీటర్ల దరిదాపు వేగంతో నడుస్తుంది. చుట్టూ పెట్టిన నాలుగైదు సెన్సర్లకు అది ఎప్పుడెప్పుడు చేరిందో చూస్తే క్వెంచ్ పుట్టిన చోటును లెక్కగట్టవచ్చు. క్యావిటీ చుట్టూ హీలియం నింపే టైటానియం తొట్టెను వెల్డ్ చేశాక థర్మామీటర్లు అంటించే వీలుండదు.

భూమి అయస్కాంతత్వం, చల్లబరిచే తీరు

భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 50 మైక్రోటెస్లాలు. 9.2 కెల్విన్లు దాటే క్షణంలో ఇదంతా నయోబియంలో చిక్కుకుపోతే నిరోధం ఎంతగా పెరుగుతుందంటే, 1.3 గిగాహెర్ట్జ్ దగ్గర క్యూ రెండు వందల కోట్ల లోపే ఆగిపోతుంది. అందుకే పరీక్ష తొట్టెలోనూ మాడ్యూల్‌లోనూ మ్యూ-మెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని పక్కకు మళ్లించే మిశ్రలోహం) లాంటి కవచాలు పెట్టి లోపలి క్షేత్రాన్ని ఒక మైక్రోటెస్లా కిందికి తెస్తారు. తొట్టెలో వాడే బోల్టు కాస్త అయస్కాంతత్వం ఉన్నదైనా కొలత చెడుతుంది.

కవచంతోనే పని అయిపోదని 2013 తర్వాత జరిగిన పని తేల్చింది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో నయోబియం ఉపరితలంలోకి కొంచెం నైట్రోజన్ చొప్పిస్తే క్యూ బాగా పెరుగుతుందని తేలింది. కానీ ఇలా చేసిన క్యావిటీలు చిక్కుకున్న అయస్కాంత క్షేత్రానికి మరింత సున్నితంగా ఉంటాయి. క్షేత్రాన్ని బయటికి తోసేయాలంటే 9.2 కెల్విన్లు దాటేటప్పుడు క్యావిటీ ఒక కొసకూ ఇంకో కొసకూ ఉష్ణోగ్రత తేడా ఎక్కువ ఉండాలి. అంటే చల్లని హీలియాన్ని జోరుగా వదలాలి. పాత అనుభవం కూడా ఒకరకంగా వేగాన్నే కోరింది. హైడ్రోజన్ ఉన్న నయోబియాన్ని 150 నుంచి 70 కెల్విన్ల మధ్య నెమ్మదిగా చల్లబరిస్తే హైడ్రైడ్ ముద్దలు ఏర్పడి క్యూ కుప్పకూలుతుంది. దీనికి క్యూ వ్యాధి అని పేరే ఉంది.

అసలు మెలిక ఇక్కడే. నిలువు తొట్టెలో హీలియం కింది నుంచి నిండుతుంది. చల్లదనం ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకుతుంది. మాడ్యూల్‌లో క్యావిటీలు అడ్డంగా పడుకుని ఉంటాయి. హీలియం వేరే దారిన వస్తుంది, ఉష్ణోగ్రత తేడా వేరుగా ఉంటుంది. ఒకే క్యావిటీ ఒకచోట క్షేత్రాన్ని తోసేసి, మరోచోట పట్టి ఉంచుకోవచ్చు. ఎల్‌సీఎల్‌ఎస్-2కు సరఫరా అయిన నయోబియంలో కొంత, ఈ తోసేసే గుణంలో వెనకబడింది. దాన్ని మామూలు 800 డిగ్రీల సెల్సియస్‌కు బదులు 900 డిగ్రీల దగ్గర కాల్చాల్సి వచ్చింది. లోహం స్వచ్ఛత పత్రాలను చూసి ఈ తేడా కనిపెట్టడం కుదిరేది కాదు.

విడిగా బాగున్నది కలిపాక

ఎక్స్‌ఫెల్ క్యావిటీలు వర్టికల్ టెస్టులో, అవసరమైనవాటిని మళ్లీ శుద్ధి చేశాక, సగటున మీటరుకు దాదాపు 30 మెగావోల్టులు వాడదగ్గవిగా తేలాయి. ఎనిమిదేసి చొప్పున 12 మీటర్ల మాడ్యూళ్లలో పెట్టాక ఈ సగటు 28కి కాస్త లోపు. రెండు మెగావోల్టులు ఎక్కడ పోయాయి? మాడ్యూల్ పరీక్షలో 31 మెగావోల్టులకు మించి నడపలేదు కాబట్టి, అంతకు పైకి వెళ్లగల క్యావిటీలు కూడా 31 దగ్గరే నమోదయ్యాయి. తేడాలో చాలా భాగం ఈ కొలత హద్దు వల్లే. మిగిలింది అసెంబ్లీలో జరిగిన నష్టం. డిజైన్‌కు కావలసింది 23.6 కాబట్టి రెండు అంకెలూ ఊరట కలిగించేవే. కానీ హద్దు సంగతి చెప్పకుండా రెండు సగటులను పక్కపక్కన పెట్టి, బిగించాక క్యావిటీలు చెడ్డాయని రాయడం తప్పుదారి పట్టిస్తుంది.

అసెంబ్లీలో నష్టం ముఖ్యంగా దుమ్ము వల్ల వస్తుంది. ఒక రేణువు లోపలి గోడపై పడితే తీవ్రమైన క్షేత్రం దాని మొనలోంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది. అవి గోడలను గుద్ది ఎక్స్-కిరణాలు పుట్టిస్తాయి. గొయ్యికి కాంక్రీటు మూత అవసరమయ్యేది ఇందుకే. పరీక్షలో రేడియేషన్ మీటర్ చూపించే అంకె కూడా ఒక ఫలితమే. క్యావిటీని 100 బార్ల ఒత్తిడితో అతి శుద్ధమైన నీటితో కడిగి, క్లీన్‌రూమ్‌లో మూసి, పరీక్షించి పంపుతారు. తర్వాత కప్లర్ బిగించడానికో, పక్క క్యావిటీతో కలపడానికో దాన్ని మళ్లీ తెరవాలి. అక్కడ పడిన రేణువు గురించి ముందటి పరీక్షకు తెలిసే అవకాశమే లేదు.

కంపనాల సంగతి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఎల్‌సీఎల్‌ఎస్-2 క్యావిటీ, కప్లర్‌తో కలిపి స్పందించే వెడల్పు సుమారు 30 హెర్ట్జ్ మాత్రమే. కంపనాల వల్ల వచ్చే జరుగుడు 10 హెర్ట్జ్ దాటకూడదని నియమం. ఫెర్మీల్యాబ్‌లో మొదటి మాడ్యూల్‌ను చల్లబరిచినప్పుడు అది అంతకు చాలా మించింది. క్యావిటీల్లో తప్పేమీ లేదు. హీలియం వదిలే కవాటాల్లో వెచ్చని కొసకూ చల్లని కొసకూ మధ్య వాయువు ఊళ వేసినట్టు ఊగుతోంది. కవాటాల అమరికను మార్చాక అదుపులోకి వచ్చింది. వర్టికల్ టెస్టులో ఆ కవాటం లేదు, కాబట్టి అక్కడ ఈ లోపం కనబడే ప్రశ్నే లేదు.

అయస్కాంతాలు నేర్పిన పాఠం

అయస్కాంతాలకు క్యూ గొడవ లేదు, నిల్వ శక్తితోనే టెన్షన్. సెర్న్‌లోని లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌లో కణాల దారిని వంచే డైపోల్ అయస్కాంతాలు 1,232 ఉన్నాయి. ఒక్కోటీ 15 మీటర్ల పొడవు. 1.9 కెల్విన్ల దగ్గర దాదాపు 11,850 ఆంపియర్లతో 8.33 టెస్లాల క్షేత్రం ఇస్తుంది, 7 మెగాజౌళ్ల శక్తిని పట్టి ఉంచుతుంది. వాటన్నింటినీ ఎస్‌ఎం18 అనే హాల్లో చల్లబరిచి పరీక్షించారు. కరెంటు పెంచుకుంటూ పోయి క్వెంచ్ చేయించడం కూడా పరీక్షలో భాగమే. చుట్టలు సర్దుకుని తర్వాతిసారి కొంచెం ఎక్కువ తట్టుకుంటాయి. దీన్ని ట్రైనింగ్ అంటారు.

అయినా 2008 సెప్టెంబర్ 19న ప్రమాదం జరిగింది. రెండు అయస్కాంతాలను కలిపే అతుకు దగ్గర కరెంటు దారి తెగి, మెరుపుతో హీలియం పాత్రకు చిల్లు పడింది. సుమారు ఆరు టన్నుల హీలియం బయటికొచ్చింది. ఆ ఒత్తిడికి బరువైన అయస్కాంతాలు తమ చోటు నుంచి జరిగిపోయాయి. యంత్రం మళ్లీ మొదలయ్యేసరికి 2009 నవంబర్ వచ్చింది. దర్యాప్తు అంచనా ప్రకారం ఆ అతుకు నిరోధం 220 నానో-ఓమ్‌ల దరిదాపు. ఉండాల్సింది అర నానో-ఓమ్ లోపు. ఆ అతుకు వేసింది సొరంగంలో, అయస్కాంతాలన్నీ ఎస్‌ఎం18లో పాసైపోయాక. అయస్కాంతాల పరీక్ష విఫలమైందని అప్పట్లో అనుకున్నవారున్నారు. నిజానికి ఆ అతుకు ఏ పరీక్ష హాల్లోకీ వెళ్లనే లేదు. తర్వాత సొరంగంలోనే అతుకుల నిరోధాన్ని కొలిచే పద్ధతులు, క్వెంచ్‌ను పసిగట్టే అదనపు వ్యవస్థ, మరిన్ని సేఫ్టీ వాల్వులు వచ్చాయి.

ఏ దశను వదులుకోవచ్చు?

వందల సంఖ్యలో భాగాలున్న ప్రాజెక్టులో ప్రతి దశనూ ప్రతి భాగానికీ జరపడం కుదరదు. ఎక్స్‌ఫెల్ మధ్య దశను, అంటే హారిజాంటల్ టెస్టును, వదులుకుంది. క్యావిటీలు హీలియం తొట్టె వెల్డ్ చేసుకునే వచ్చాయి, అలాగే వర్టికల్ టెస్టుకు వెళ్లి, నేరుగా మాడ్యూల్‌లో చేరాయి. థర్మామీటర్లు అంటించే వీలు పోయింది, సమయం మిగిలింది. వందల క్యావిటీలు ఒకే డిజైన్‌వి కాబట్టి ఈ బేరం గిట్టింది. కొత్త రకం క్యావిటీ, కొత్త ట్యూనర్ (పౌనఃపున్యాన్ని సరిచేసే పరికరం), కొత్త కప్లర్ కలిసొచ్చినప్పుడు మాత్రం హారిజాంటల్ టెస్ట్ అవసరం. అందులో ఒకే క్యావిటీని సామగ్రి అంతా తగిలించి, మాడ్యూల్‌లో ఉన్నట్టే పడుకోబెట్టి చల్లబరుస్తారు. లోపం దొరికితే విప్పాల్సింది ఒక్క క్యావిటీని. అదే మాడ్యూల్‌లో దొరికితే ఎనిమిదింటినీ క్లీన్‌రూమ్‌కు తీసుకెళ్లాలి.

ఇప్పుడు ఈ లెక్కలను కొత్త రకం క్యావిటీలు మార్చేస్తున్నాయి. నయోబియం లోపలి గోడకు నయోబియం-తగరం పూత వేస్తే అతివాహకత సుమారు 18 కెల్విన్ల దాకా ఉంటుంది. 4 కెల్విన్ల దగ్గరే మంచి క్యూ వస్తుంది. అప్పుడు ద్రవ హీలియం అక్కర్లేకుండా, 4.2 కెల్విన్ల దగ్గర ఒకటి రెండు వాట్లు తోడే చిన్న క్రయోకూలర్‌కు లోహపు పట్టీలతో కలిపి నడపవచ్చు. 2020 ప్రాంతంలో ఫెర్మీల్యాబ్, కార్నెల్, జెఫర్సన్ ల్యాబ్ దీన్ని చేసి చూపించాయి. ఆసుపత్రుల్లో, పరిశ్రమల్లో పెట్టగల చిన్న యాక్సిలరేటర్ల ఆశ దీనిమీదే ఉంది.

అలాంటి క్యావిటీని పాత గొయ్యిలో ముంచితే పూత నాణ్యత తెలుస్తుంది. లోహపు పట్టీ వేడిని సరిగా తోడుతోందో లేదో తెలియదు, ఎందుకంటే తొట్టెలో నాలుగు వైపులా హీలియమే ఆ పని చేస్తుంది. చల్లబరిచే పద్ధతి కూడా తిరగబడుతుంది. నైట్రోజన్ చొప్పించిన నయోబియానికి కొసల మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఈ పూతకు అదే తేడా హాని చేస్తుంది. రెండు లోహాలు అతికి ఉన్నచోట ఉష్ణోగ్రత తేడా వల్ల చిన్న కరెంట్లు పుట్టి, వాటి అయస్కాంత క్షేత్రమే గోడలో చిక్కుకుంటుంది. దీన్ని వీలైనంత సమానంగా, నిదానంగా చల్లబరచాలి. జోరుగా హీలియం వదలడానికి కట్టిన క్రయోస్టాట్‌కు ఇప్పుడు సన్నని ప్రవాహాన్ని నిలకడగా నడపడం, పైకీ కిందికీ ఉష్ణోగ్రత తేడాను కెల్విన్‌లో చిన్న భాగంలోపు పట్టి ఉంచడం నేర్పాలి. అదే గొయ్యి, అదే మూత ఉంచి కవాటాలు, హీటర్లు, థర్మామీటర్లు మార్చుకుంటున్నారు.